పూలు రాకుండానే మొగ్గలు రాలిపోయాయి, త్వరగా వచ్చే రకం ఆలుగడ్డలు ఎప్పుడు తవ్వాలి?

మెంతిమడి:

అందరికీ నమస్తే. ఆలుగడ్డలు నాటి ఈ రోజుకి 68 రోజులు. ఎప్పుడు తవ్వాలో తేల్చుకోలేక నాలుగు రోజులుగా పొద్దున్నే మొక్కల దగ్గరికి వెళ్ళడం, కాసేపు నిలబడి చూడడం, ఊరికే తిరిగి రావడం, ఇదే పని.

వివరాలన్నీ రాస్తున్నాను, పొడుగైతే ఏమనుకోకండి. ఆరు గ్రో బ్యాగులు ఉన్నాయి, వాటి పక్కనే నేలలో ఒక చిన్న మడి. బ్యాగుల్లో వేసినవి విత్తనం కోసమే కొన్న దుంపలు. త్వరగా వచ్చే రకం, 75 నుంచి 90 రోజుల్లో చేతికొస్తుందని చెప్పి ఇచ్చారు. మడిలో వేసినవి మాత్రం వంటింట్లో మొలకలొచ్చేసిన గడ్డలు, ఏ రకమో తెలియదు. అన్నీ ఒకే రోజు నాటాను. రెండుసార్లు మట్టి ఎగదోశాను.

బ్యాగుల్లో మొక్కలు మోకాలెత్తు దాటాయి. పది రోజుల కిందట మొగ్గలు కనిపించాయి గానీ విచ్చుకోకుండానే రాలిపోయాయి. ఒక్క పువ్వు కూడా చూడలేదు. ఒక్కో మొక్కకి అడుగున రెండు మూడు ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. మడిలో మొక్కలకేమో నిండా తెల్లటి పూలు.

ఇంత టెన్షన్ ఎందుకంటే, పోయినసారి చేతులారా పాడు చేసుకున్నాను. పూలు వచ్చాయంటే గడ్డలు తయారైనట్టేనని ఎవరో చెబితే నమ్మి, పూత కనిపించిన రెండో రోజే అన్ని మొక్కలూ పీకేశాను. గోలీకాయలంత గడ్డలు, కొన్నైతే శనగగింజంతే. తెల్లటి దారాల చివర వేలాడుతూ ఉన్నాయి. నాన్న వాటిని పళ్ళెంలో పోసుకుని ఒక్కొక్కటీ కడిగి ఆరబెట్టారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఆయనకి లేత గడ్డలంటే ప్రాణం, ఈసారి కూడా రోజూ "ఇంకెన్నాళ్ళమ్మా" అని అడుగుతున్నారు. తొందరపడి పీకకూడదు, అలాగని ముదిరిపోయేదాకా వదిలేయకూడదు.

పువ్వు విచ్చుకోకపోతే కింద గడ్డ ఊరదా? ఆ పసుపు ఆకులు తవ్వమని చెప్పే గుర్తా, లేక ఏదైనా తెగులా? ఒక మొక్కని పీకి చూడడం తప్ప లోపల ఏముందో తెలుసుకునే దారి ఉందా?

ఎర్రమట్టి:

తొందరపడకండి. ఆకులు, కాండం మొత్తం పసుపు తిరిగి ఎండి నేలకి వాలేదాకా ఆగండి. ఎండాక ఇంకో రెండు వారాలు అలాగే మట్టిలో ఉంచి, అప్పుడు తవ్వండి. నేనెప్పుడూ అలాగే చేస్తాను. ఒక్క గడ్డ కూడా వృథా పోదు, సైజు కూడా బాగుంటుంది. పచ్చగా ఉన్న మొక్కని కదిలించడం నాకైతే ఇష్టం ఉండదు.

పొలంగట్టు:

అమ్మా, నేను 14 ఏళ్ళుగా ఇంటి వెనక జాగాలో బంగాళాదుంప వేస్తున్నాను. మీరు రాసింది చదివితే మొదటి మూడేళ్ళూ నేను పడ్డ అవస్థ గుర్తొచ్చింది. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ఎర్రమట్టి గారు చెప్పింది తప్పు కాదు. కానీ అది నిలవ ఉంచుకునే దుంపల సంగతి. ఆకు ఎండి, తొక్క గట్టిపడ్డాక తవ్వితే నెలల తరబడి ఉంటాయి. మీ నాన్నగారు అడుగుతున్న లేత దుంప మొక్క పచ్చగా ఉండగానే దొరుకుతుంది. ఆకంతా ఎండేదాకా ఆగితే ఆ రుచి దాటిపోతుంది, తొక్క మందమవుతుంది. చాలామంది ఈ రెండు రకాల తవ్వకాలనీ ఒకటే అనుకుంటారు. ఒకరు పూత చూసి తవ్వమంటారు, ఇంకొకరు ఎండేదాకా ఆగమంటారు, మధ్యలో కొత్తగా వేసినవాళ్ళు నలిగిపోతారు.

ముందు పువ్వు సంగతి చూద్దాం. దుంప ఊరడానికి పువ్వు కారణం కాదు. మొక్క వయసులో రెండూ ఇంచుమించు ఒకే సమయానికి మొదలవుతాయి, అంతే. పైన మొగ్గ కట్టే రోజుల్లోనే కింద స్టోలన్ల చివర్లు ఉబ్బడం మొదలుపెడతాయి. స్టోలన్లంటే వేర్లు కావు, మట్టి లోపల అడ్డంగా పాకే కాండాలు. పోయినసారి మీరు చూసిన తెల్లటి దారాలు అవే. వాటి చివర గోలీకాయలంత ఉన్నవి అప్పుడే పుట్టిన దుంపలు. పువ్వు కనబడిందంటే దుంప ఊరడం మొదలైందని మాత్రమే. అక్కడి నుంచి ఇంకో రెండు మూడు వారాలు ఇవ్వాలి. లేత దుంపకి బరువు చేరేది ఆ వారాల్లోనే.

కొన్ని రకాలు అసలు పూయనే పూయవు. కొన్ని మొగ్గ తొడిగి రాల్చేస్తాయి. వేడి ఎక్కువైనా, నీళ్ళు చాలకపోయినా రాల్చడం మామూలే. మొగ్గలు రాలిపోయిన మొక్కల కింద కూడా నేను బుట్టలకొద్దీ తవ్వాను. కాబట్టి ఆ బెంగ వదిలెయ్యండి. మొగ్గలు పది రోజుల కిందట కనిపించాయన్నారు కదా, ఆ తేదీ రాసి పెట్టుకోండి. పువ్వు విచ్చుకోకపోయినా లెక్కకి ఆ తేదీ పనికొస్తుంది.

ఇక రోజుల లెక్క. 75-90 రోజులన్నది నాటిన రోజు నుంచి చెప్పే లెక్క. విత్తన దుంపకి ముందే మొలక ఉండి, వాతావరణం కూడా కలిసొస్తే ఆ లెక్క సరిపోతుంది. మొక్క మట్టి పైకి రావడానికి రెండు వారాలు పట్టొచ్చు, నాలుగు వారాలు కూడా పట్టొచ్చు. మట్టి చల్లగా ఉన్నా, దుంపకి మొలక లేకపోయినా ఆలస్యమవుతుంది. మీ మొక్కలు ఎన్నో రోజున పైకొచ్చాయి? 20వ రోజున వచ్చి ఉంటే వాటి వయసు ఇంకా 48 రోజులే. నేను నాటిన తేదీ రాసుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. మొలక కనబడ్డ తేదీనే చెక్కముక్క మీద రాసి మడి చివర గుచ్చుతాను. త్వరగా వచ్చే రకమైతే అక్కడి నుంచి 55-60 రోజులకి తవ్వడం గురించి ఆలోచిస్తాను. ఈలోగా చెయ్యి పెట్టి చూస్తానే గానీ మొక్క పీకను.

మడిలో మొక్కల రకమే తెలియదు కాబట్టి వాటికి ఈ లెక్క వర్తించదు. ఆలస్యంగా వచ్చే రకమైతే 110, 120 రోజులకి కూడా పచ్చగానే ఉండొచ్చు. రెండింటినీ పోల్చి చూసుకోకండి.

మొక్క పీకకుండా చూసే పద్ధతి చెప్తాను. బ్యాగు అంచు వైపు, కాండానికి జానెడు దూరంలో వేళ్ళతో మట్టి పక్కకి తియ్యండి. పార వద్దు, బొరిగె కూడా వద్దు. గోళ్ళు కత్తిరించుకుని వెళ్ళండి, లేత తొక్క గోరు తగిలితేనే చీరుతుంది. పైన రెండంగుళాలు పొడిమట్టి ఉంటుంది. దాని కింద చల్లగా తేమ తగులుతుంది. అక్కడి నుంచి వేళ్ళని మెల్లగా కాండం వైపు జరపండి. దుంపలు మనం పెట్టిన విత్తన దుంపకి పైభాగంలోనే ఎక్కువగా ఊరతాయి కాబట్టి మరీ అడుగుకి వెళ్ళక్కర్లేదు. వేలికి తగిలింది మట్టిగడ్డ అయితే నొక్కగానే చిట్లుతుంది. రాయి అయితే కదిపినప్పుడు విడిగా కదిలిపోతుంది. దుంప నున్నగా ఉంటుంది, కదిపి చూస్తే ఒకవైపు ఏదో పట్టుకుని ఉన్నట్టు తెలుస్తుంది. అది ఇంకా స్టోలన్‌కి అతుక్కునే ఉందన్నమాట. ఒక్కసారి ఆ స్పర్శ చేతికి అలవాటైతే చాలు, తర్వాత ఏ పంటకైనా మీరే చెప్పగలరు.

గోలీకాయంత ఉంటే మట్టి మళ్ళీ కప్పేసి, అరచేత్తో అదిమి, కాసిని నీళ్ళు పోసి వచ్చెయ్యండి. వారం తర్వాత చూడొచ్చు. కోడిగుడ్డంత ఉంటే ఒక్కటి తెంపి బయటికి తీసి బొటనవేలితో గట్టిగా రుద్దండి. తొక్క పల్చగా ఉల్లిపొరలా జారిపోయి కింద తడితడిగా కనబడితే అది లేత దుంప. ఎంత రుద్దినా తొక్క కదలకపోతే ముదిరింది. ఒక మొక్క కింద నుంచి రెండు మూడు పెద్దవి తీసుకుని మిగతావాటిని ఊరనివ్వొచ్చు. వేర్లు మరీ చెదరగొట్టకపోతే మొక్క తట్టుకుంటుంది.

అడుగున రెండు మూడు ఆకులు పండడం గురించి బెంగపడకండి. పై ఆకుల నీడ పడి, వయసై, అవి పోతాయి. మొక్క మొత్తం సమంగా లేతపసుపుకి తిరిగి ఒరిగిపోవడం మొదలైతే అది పంటకాలం ముగుస్తున్న గుర్తు. మీ మొక్కలు ఇంకా అక్కడికి రాలేదు.

మెంతిమడి:

పొలంగట్టు గారూ, మీ జవాబు నాన్నకి కూడా చదివి వినిపించాను. పైకొచ్చిన తేదీ ఫోన్‌లో ఫోటోలు వెతికితే దొరికింది, బ్యాగుల్లో 20వ రోజున వచ్చాయి. మీరన్నట్టు 48 రోజులే! ఇన్నాళ్ళూ 68 అనుకుంటూ కంగారుపడ్డాను.

ఈ రోజు పొద్దున మొదటి బ్యాగులో చెయ్యి పెట్టాను. రెండు దొరికాయి. ఒకటి పెద్ద ఉసిరికాయంత, ఇంకొకటి నిమ్మకాయంత. మీరు చెప్పిన ఆ పట్టు తెలిసింది, తెంపకుండా మళ్ళీ కప్పేశాను. కానీ ఇంకొంచెం లోపలికి వెళ్ళేసరికి వేళ్ళకి మెత్తగా, జిగురుగా ఏదో తగిలింది. బయటికి తీస్తే తొక్క మాత్రం మిగిలి లోపలంతా నీరుగారిపోయిన గడ్డ. వాసన కూడా వేస్తోంది. లోపల కుళ్ళు మొదలైందా? బ్యాగు మొత్తం ఇప్పుడే తీసెయ్యాలా? చెయ్యి కడుక్కుని వచ్చి వెంటనే ఇది రాస్తున్నాను.

పొలంగట్టు:

తీసెయ్యకండి. మీ చేతికి తగిలింది మీరు నాటిన విత్తన దుంప. దానిలో ఉన్న బలమంతా మొక్కకి ఇచ్చేశాక అది అలాగే మెత్తబడి నీరుగారిపోతుంది. మొదటిసారి తగిలినప్పుడు నేను కూడా మడంతా కుళ్ళిపోయిందనుకుని భయపడ్డాను.

కొత్త దుంపలు రెండూ గట్టిగానే ఉన్నాయి కదా? పై ఆకు పచ్చగానే ఉంది కదా? అయితే ఏ ఇబ్బందీ లేదు. కొత్తవి కూడా నొక్కితే లొంగుతుంటే మాత్రం నీళ్ళు నిలుస్తున్నాయని అనుమానించాలి. ఎందుకైనా మంచిది, బ్యాగు అడుగున రంధ్రాలు పూడిపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి. నిమ్మకాయంత ఉందంటే ఇంకో వారం పది రోజులు. మధ్యలో రోజూ తవ్వి చూడొద్దు.

తూనీగ:

అక్కా, నీళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, ఎందుకంటే నా పంట పోయింది అక్కడే.

పోయిన పంటలో సరిగ్గా గడ్డ ఊరే సమయానికి నాకు పని పడి తొమ్మిది రోజులు నీళ్ళు సరిగా పెట్టలేదు. తిరిగొచ్చి చూస్తే మొక్కలు వాడిపోయి ఉన్నాయి. పాపం అనిపించి రెండు రోజులు వరసగా బకెట్లు బకెట్లు పోశాను. మొక్కలు లేచి నిలబడ్డాయి, నేను సంతోషపడ్డాను. మూడు వారాల తర్వాత తవ్వితే ఆలుగడ్డలు నిలువునా పగిలి ఉన్నాయి. కొన్నింటికి పక్కల నుంచి బుడిపెలు లేచి అల్లం కొమ్ముల్లా తయారయ్యాయి. పెద్దవాటిని కోస్తే రెండింటిలో నడిమధ్య బోలుగా ఉంది. ఎదుగుదల ఆగిపోయిన గడ్డ ఒక్కసారిగా నీళ్ళు తగిలేసరికి మళ్ళీ ఎదగడం మొదలుపెడుతుందట, తొక్క దానితో పాటు సాగలేదు. ఒక పూట ఎక్కువ, నాలుగు పూటలు సున్నా కాకుండా, వేలు పెడితే ఎప్పుడూ ఒకేలా తేమ తగిలేలా పొయ్యాలి. బ్యాగుల్లో మట్టి నేలకంటే చాలా త్వరగా ఆరిపోతుంది, అది గుర్తుంచుకో అక్కా.

అలాగని మరీ ఎక్కువ కూడా వద్దు. చెయ్యి పెట్టి తీసిన గడ్డ మీద తెల్లటి చుక్కలు ఉబ్బెత్తుగా, పొంగినట్టు కనబడితే మట్టిలో తడి ఎక్కువైందని అర్థం. గడ్డ గాలి పీల్చుకునే రంధ్రాలు అవి, నీళ్ళెక్కువైతే అలా తెరుచుకుంటాయి. తవ్వబోయే రెండు మూడు రోజుల ముందు నుంచి నీళ్ళు తగ్గించు. పొడిపొడిగా ఉన్న మట్టిలోంచి గడ్డలు శుభ్రంగా వస్తాయి, తొక్క కూడా అంతగా ఊడదు.

ఇంకో విషయం, నీ బ్యాగులు ఏ రంగు? నావి నలుపు. మధ్యాహ్నం ఎండకి పక్కల్లో చెయ్యి పెడితే కాలేది. మట్టి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే గడ్డ బాగా ఊరుతుంది. 30 దగ్గరికి వెళ్ళిందంటే దాదాపు ఆగిపోతుంది. ఎండలు ముదిరే కాలం ముందుంటే, ఇంకా పెద్దవవుతాయని వారాల తరబడి ఎదురుచూసినా లాభం ఉండదు. బ్యాగుల చుట్టూ గోనెసంచి చుట్టి చూడు, చాలా తేడా తెలుస్తుంది.

మట్టి జారిపోయి గడ్డ ఎక్కడైనా పైకి తేలి కనబడితే వెంటనే కప్పెయ్యి. వెలుతురు తగిలితే పచ్చబడుతుంది. పచ్చబడిన చోట సోలనిన్ అనే విషపదార్థం కూడా పెరుగుతుంది, ఉడకబెట్టినా పోదు. కొంచెమే పచ్చగా ఉంటే ఆ భాగం లోతుగా కోసి పారెయ్యొచ్చు. సగం దాకా పచ్చబడితే మాత్రం మొత్తం పారెయ్యడమే మంచిది. మడిలో పూలు వచ్చాయన్నావు కదా, అవి రాలాక చిన్న పచ్చి టమాటాల్లాంటి కాయలు కాయొచ్చు. అవి కూడా విషమే. ఇంట్లో పిల్లలుంటే కనబడగానే తెంపి పారెయ్యి.

ఎర్రమట్టి:

పొలంగట్టు గారూ, మీరు చెప్పింది చదివాక అర్థమైంది, నేను ఎప్పుడూ నిలవకే వేస్తాను కాబట్టి అదొక్కటే పద్ధతి అనుకున్నాను. నాదొక సందేహం. నా మొక్కల ఆకుల అంచుల్లో నిన్నటి నుంచి తడిసినట్టు నల్లటి మచ్చలు వస్తున్నాయి. పొద్దున్నే చూస్తే ఆకు అడుగున మచ్చ చుట్టూ తెల్లటి బూజు. ఇంకా పసుపు తిరగలేదు. ఇప్పుడు కూడా ఎండేదాకా ఆగాలా?

పొలంగట్టు:

ఆగకండి. మీరు చెప్పిన గుర్తులన్నీ లేట్ బ్లైట్ అనే తెగులువి. చల్లగా, తడిగా ఉన్న రోజుల్లో చూస్తుండగానే మడంతా పాకిపోతుంది. కాండాలన్నీ ఈ రోజే నేలమట్టానికి కోసి, ఆ ఆకుని దూరంగా తీసుకెళ్ళి పారెయ్యండి, ఎరువు గుంటలో వెయ్యొద్దు. దుంపల మీద మట్టి బాగా ఎగదోసి రెండు వారాలు కదపకండి. ఆ రెండు వారాల్లో తొక్క గట్టిపడుతుంది, నేల మీద రాలిన తెగులు కూడా చాలావరకు చస్తుంది. వెంటనే తవ్వితే మట్టి మీదున్న తెగులు లేత తొక్కకి అంటుకుని నిలవలో కుళ్ళుతాయి. తవ్వాక ఒక్కొక్కటీ చూసి, మచ్చ ఉన్నవి విడిగా పెట్టి ముందు వాడెయ్యండి.

మెంతిమడి:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఈ రోజు 79వ రోజు, పైకొచ్చి 59 రోజులు. జరిగింది మొత్తం రాస్తాను.

పొలంగట్టు గారు చెప్పినట్టు రంధ్రాలు, తూనీగ చెప్పినట్టు నీళ్ళు అన్నీ సరిచూసుకుని మధ్యలో ఒక్కసారి కూడా తవ్వలేదు. మూడు రోజుల కిందట మొదటి బ్యాగులో పక్క నుంచి చెయ్యి పెడితే రెండు వేళ్ళకీ నిండుగా తగిలింది. నాలుగు తీశాను. మొక్క అస్సలు వాడలేదు, సాయంత్రానికి మామూలుగానే నిలబడి ఉంది. ఆ నాలుగింటిలో పెద్దదాన్ని నాన్న చేతికిచ్చి, రుద్ది చూడమన్నాను. బొటనవేలితో ఒక్కసారి తోశారు, తొక్క ముడత పడి పక్కకి జారిపోయింది. కింద పచ్చిపాల రంగు. ఆయన కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఆ తొక్క ముక్కని వేలి మీద పెట్టుకుని వెలుతురుకి ఎత్తి చూపించారు, అవతల వేలి గీతలు కనబడుతున్నాయి. అంత పల్చగా ఉంది.

ఈ రోజు పొద్దున బ్యాగుని పట్టా మీద ఒరగేసి మొత్తం తీశాం. నాన్న స్టూలు వేసుకుని కూర్చుని మట్టిలో వేళ్ళు పెట్టి వెతికారు. నేను అంతా అయిపోయిందనుకుని లేచాక ఆయనకి ఇంకో రెండు దొరికాయి. ముందు తీసిన నాలుగుతో కలిపి మొత్తం పదకొండు, తూకం వేస్తే 640 గ్రాములు. చిన్నవి ఐదు విడిగా ఉన్నాయి, అవి లెక్కలో వెయ్యలేదు. ఒక్కటి కూడా పగల్లేదు. కడిగి, తొక్క తియ్యకుండా అలాగే ఉడకబెట్టాం. ఉప్పు తప్ప ఏమీ వెయ్యలేదు. నాన్న మూడు తిన్నారు. నాలుగోది తీసుకుని సగం విరిచి నా చేతిలో పెట్టారు.

ఇంకా ఐదు బ్యాగులు ఉన్నాయి. అన్నీ ఇదే వయసు. ఇప్పుడు అన్నీ తీసెయ్యనా? మడిలోవి ఏం చెయ్యను? అక్కడ కూడా చెయ్యి పెట్టి చూశాను, ఇంకా పెద్ద ఉసిరికాయంతే ఉన్నాయి.

పొలంగట్టు:

చాలా సంతోషంగా ఉందమ్మా. చిన్నవాటిని పారెయ్యకండి, అవి కూడా ఉడకబెట్టుకోవచ్చు.

ఐదూ ఒకేసారి తియ్యొద్దు. లేత దుంపలో నీరెక్కువ, తొక్క పల్చన, కాబట్టి నిలవ ఉండవు. రెండు మూడు రోజుల్లో తినేస్తేనే ఆ రుచి ఉంటుంది. ఆ తర్వాత లోపలి తీపి తగ్గిపోయి పిండితనం ఎక్కువవుతుంది, పైన ముడతలు పడతాయి. కాబట్టి మొక్క పచ్చగా ఉన్నన్నాళ్ళూ మట్టిలోనే ఉండనివ్వండి. నాలుగైదు రోజులకో బ్యాగు ఒరగేసుకోండి. తీసినవి వండే ముందే కడగండి. అప్పటిదాకా మట్టితోనే చీకట్లో, గాలి ఆడేచోట పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి లోపలి పిండి చక్కెరగా మారి రుచి తేడా వస్తుంది.

చివరి రెండు బ్యాగులు మాత్రం ముట్టుకోకండి. అవి పూర్తిగా పసుపు తిరిగి వాలనివ్వండి. ఎర్రమట్టి గారు మొదట చెప్పిన పద్ధతి వాటికి సరిగ్గా సరిపోతుంది. కాండం కోసేశాక రెండు వారాలాగి, తొక్క వేలికి జారకపోతేనే తవ్వండి. అవి కొన్ని వారాలు నిలవ ఉంటాయి. అన్ని బ్యాగుల మీదా మొలక తేదీ రాసి పెట్టండి, వచ్చే పంటకి ఇంత వెతుకులాట ఉండదు.

మడికి తేదీలు వద్దు. రెండు వారాలకోసారి ఒక మూల చెయ్యి పెట్టి చూడండి, అంతే. విత్తనం కోసం పెంచినవి కాకపోవడం వల్ల వైరస్ తెగుళ్ళు ఉండే అవకాశం ఎక్కువ. అందుకని ఆ దుంపలని మళ్ళీ విత్తనంగా మాత్రం దాచుకోకండి.

మెంతిమడి:

సరేనండి. చెక్కముక్కలు లేక ఐస్‌క్రీమ్ పుల్లల మీద తేదీ రాసి ఐదు బ్యాగుల్లోనూ గుచ్చాను. తూనీగ, నా బ్యాగులు కూడా నలుపే, మధ్యాహ్నం పక్కన చెయ్యి పెడితే నిజంగానే కాలింది. గోనెసంచులు చుట్టేశాను. రెండో బ్యాగు గురువారం ఒరగేద్దామని నాన్న ఇప్పటికే చెప్పేశారు.